రఖ్మాబాయి

డాక్టర్ రఖ్మాబాయి (నవంబర్ 22, 1864 - సెప్టెంబర్ 25, 1955) బ్రిటిషు పాలనాకాలంలో భారతదేశంలో వైద్యవృత్తి చేపట్టిన తొలితరం మహిళలలో ఒకరు. ఈమె పేరును రుక్మాబాయి అని కూడా వ్రాస్తారు. బాల్యంలో తన సమ్మతి లేకుండా జరిగిన వివాహాన్ని అంగీకరించక, భర్త ఇంటికి కాపురానికి వెళ్ళుటకు నిరాకరించి, బొంబాయి హైకోర్టులో 1884 నుండి 1888 వరకు సాగిన వివాదంలో ఈమె ప్రతివాదిగా నిలిచింది. దాదాజీ భికాజీ వర్సెస్ రఖ్మాబాయి అనే ఈ దావా భారతదేశంలోను, ఇంగ్లండులోను తీవ్రమైన చర్చకు కారణమైంది. 1891 నాటి సమ్మతి వయస్సు చట్టానికి దారితీసిన సంఘటనలలో ఇది ఒకటి. శాస్త్రం ప్రకారం జరిగినా ఒక్కరోజు కూడా కాపురంగా మారని వివాహం విషయంలో న్యాయస్థానం ఏమి చేయాలి అన్నది ఈ దావాలోని మూలప్రశ్న. కోలుకోలేని విధంగా విచ్ఛిన్నమైన వివాహాల గురించి భారతీయ న్యాయస్థానాలు తరువాతి కాలంలో జరిపిన చర్చలకు ఈ ప్రశ్న పూర్వరంగం వంటిది.

బాల్యం, కుటుంబం

రఖ్మాబాయి బొంబాయి నగరంలో మరాఠీ మాట్లాడే సుతార్ (వడ్రంగి) కులంలో జన్మించింది. తండ్రి జనార్దన్ పాండురంగ్, తల్లి జయంతీబాయి. జయంతీబాయికి 14 ఏళ్ళకే వివాహం జరిగింది. 15వ ఏట రఖ్మాబాయి పుట్టింది. 17వ ఏట ఆమె భర్తను కోల్పోయింది. కొన్నేళ్ళ తరువాత జయంతీబాయి, భార్యను కోల్పోయిన డాక్టర్ సఖారాం అర్జున్‌ను పునర్వివాహం చేసుకున్నది. సుతార్ కులంలో వితంతు వివాహానికి ఆచారం అడ్డు కాదు. మొదటి భర్త నుండి తనకు సంక్రమించిన ఆస్తిని జయంతీబాయి కుమార్తె పేరిట వ్రాసింది. ఈ ఆస్తి తరువాత వివాదంలో ప్రధానాంశమైంది.

సవతి తండ్రి సఖారాం అర్జున్ బొంబాయిలో పేరుపొందిన వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు. గ్రాంట్ వైద్య కళాశాలలో బోధించాడు. 1883లో స్థాపించబడిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వ్యవస్థాపకులలో ఆయన ఒకడు. సంఘ సంస్కర్తలతో పరిచయాలు గల ఆ ఇంటి వాతావరణం రఖ్మాబాయిపై గాఢమైన ప్రభావం చూపింది. వివాహం తరువాత ఆమె బడికి వెళ్ళలేకపోయినా, ఫ్రీ చర్చ్ మిషన్ గ్రంథాలయం నుండి పుస్తకాలు తెప్పించుకొని ఇంటివద్దనే చదువుకొని ఆంగ్లంలో మంచి ప్రవేశం సంపాదించింది.

వివాహం

రఖ్మాబాయికి 11 సంవత్సరాల వయస్సులో దాదాజీ భికాజీతో వివాహం జరిగింది. అప్పటికి దాదాజీ వయస్సు 19 సంవత్సరాలు. అతడు సఖారాం అర్జున్‌కు బంధువు, పేద కుటుంబానికి చెందినవాడు. దాదాజీ ఇల్లరికం వచ్చి, అత్తవారి ఇంట ఉండి చదువుకొని వృద్ధిలోకి రావలెనని పెద్దలు ఏర్పాటు చేసుకున్నారు. అతని పోషణ, చదువు ఖర్చులు అత్తవారే భరించేటట్లు ఒప్పుకున్నారు.

వివాహమైన కొన్ని నెలలకు రఖ్మాబాయి రజస్వల అయింది. ఆచారం ప్రకారం గర్భాధానం జరిపించవలెనని దాదాజీ పక్షంవారు కోరారు. అంత చిన్న వయస్సులో కాపురం బాలిక ఆరోగ్యానికి హాని అని వైద్యుడైన సఖారాం అర్జున్ అందుకు అంగీకరించలేదు. ఈ నిర్ణయం దాదాజీకి రుచించలేదు. చదువు కూడా అతనికి పట్టుబడలేదు. తల్లి మరణించిన తరువాత అతడు మేనమామ నారాయణ్ ధుర్మాజీ ఇంటికి మారి, అక్కడే ఉండిపోయాడు. ఆ ఇంటి వాతావరణంలో అతడు పనిపాటులు లేక తిరిగి అప్పులపాలయ్యాడు. క్షయ లక్షణాలతో కొంతకాలం తీవ్రంగా జబ్బుపడ్డాడు.

12 ఏళ్ళ వయస్సులోనే రఖ్మాబాయి ధుర్మాజీ ఇంటికి వెళ్ళుటకు నిరాకరించింది. సఖారాం అర్జున్ ఆమెను బలవంతం చేయలేదు. ఈ విధంగా ఏడెనిమిది సంవత్సరాలు గడిచాయి. ఈ కాలంలో భార్యాభర్తలు ఒక్కరోజైనా కలసి కాపురం చేయలేదు.

దావాకు ముందు

1884 మార్చిలో దాదాజీ తన న్యాయవాదుల ద్వారా సఖారాం అర్జున్‌కు నోటీసు పంపాడు. రఖ్మాబాయి తనవద్దకు రాకుండా అడ్డుపడటం మానుకోవలెనని అందులో కోరాడు. తాను అడ్డుపడుట లేదని సఖారాం అర్జున్ మర్యాదగా జవాబిచ్చినా వివాదం తీరలేదు. దాదాజీ బొంబాయి హైకోర్టులో దాంపత్య హక్కుల పునరుద్ధరణ కొరకు దావా వేశాడు. అనగా, వేరుగా ఉంటున్న భార్య తనతో వచ్చి కాపురం చేయవలెనని ఆజ్ఞాపించమని న్యాయస్థానాన్ని కోరాడు. భార్య ఆస్తిపై ఆశతోనే ఈ దావా వేశాడని రఖ్మాబాయి పక్షం ఆరోపించింది. అదే ఆస్తి చేజారుతుందన్న భయంతోనే పుట్టింటివారు ఆమెను పంపుట లేదని దాదాజీ ప్రత్యారోపణ చేశాడు.

దావా విచారణకు రాకముందే, 1885లో సఖారాం అర్జున్ మరణించాడు. అండగా ఉన్న సవతి తండ్రి లేకుండానే రఖ్మాబాయి న్యాయస్థానానికి వెళ్ళవలసి వచ్చింది.

అదే సంవత్సరం టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికలో ఒక హిందూ వనిత అనే కలంపేరుతో రెండు లేఖలు వెలువడ్డాయి. మొదటిది బాల్యవివాహాల గురించి, రెండవది బలవంతపు వైధవ్యం గురించి. బాల్యవివాహం బాలుడికంటె బాలిక చదువును, ఆరోగ్యాన్ని ఎంత ఎక్కువగా దెబ్బతీస్తుందో ఆ లేఖలు వివరించాయి. ఈ లేఖలు వ్రాసినది రఖ్మాబాయి అని తరువాత తెలిసింది.

దావా స్వరూపం

దాంపత్య హక్కుల పునరుద్ధరణ అనే దావా హిందూ ధర్మశాస్త్రాలలో లేదు. ఇది ఇంగ్లండులోని క్రైస్తవ మత న్యాయస్థానాల నుండి వచ్చింది. విడాకులకు అవకాశం లేని ఆ రోజులలో, విడిపోయిన దంపతులను తిరిగి ఒక ఇంటికి చేర్చుట ఆ న్యాయస్థానాల ఉద్దేశం. బ్రిటిషు న్యాయమూర్తులతోపాటు ఈ దావా భారతదేశానికి దిగుమతి అయింది. 1867లో ఒక ముస్లిం కుటుంబానికి సంబంధించిన వివాదంలో ప్రీవీ కౌన్సిల్ ఇటువంటి దావాలు భారతదేశంలో చెల్లుతాయని నిర్ణయించింది.

ఇంగ్లండులో 1884లో ఒక కొత్త చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇటువంటి డిక్రీని ధిక్కరించినవారిని జైలుకు పంపే పద్ధతి రద్దయింది. దాదాజీ నోటీసు పంపినది కూడా అదే సంవత్సరంలో. కాని భారతదేశంలో 1882 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 260వ సెక్షన్ క్రింద జైలు శిక్ష కొనసాగింది. పుట్టినచోట కోరలు పోగొట్టుకున్న చట్టం వలసదేశంలో కోరలతోనే మిగిలింది.

ఆ నాటి హిందూ చట్టంలో, కొన్ని కులాల ఆచారాలు మినహాయిస్తే, విడాకులు లేవు. కాబట్టి వివాహాన్ని రద్దు చేయమని కోరే మార్గం రఖ్మాబాయికి లేదు. తనను వెళ్ళమని ఆజ్ఞాపించవద్దని కోరటం ఒక్కటే ఆమె చేయగలిగినది. అందుకు ఆమె పక్షం మూడు కారణాలు చూపింది.

* భార్యకు వసతి, పోషణ కల్పించే శక్తి దాదాజీకి లేదు.
* అతని ఆరోగ్యం బాగులేదు. ఉబ్బసం, క్షయ లక్షణాలు ఉన్నాయి.
* అతడు ఎవరి నీడన జీవిస్తున్నాడో ఆ వ్యక్తి నడవడి మంచిది కాదు.

ఈ మూడింటి వెనుక ఒక నాలుగవ విషయం ఉన్నది. ఊహ తెలియని వయస్సులో, తన సమ్మతి లేకుండా జరిగిన పెళ్ళి తనను బంధించరాదన్నది ఆ విషయం. ఈ వాదానికి అప్పటి చట్టంలో చోటులేదు. న్యాయస్థానం వెలుపల దేశమంతా చర్చించినది మాత్రం దీనినే. రఖ్మాబాయి తరఫున వాదించిన న్యాయవాదులలో లాథమ్, ఇన్వెరారిటీ, ప్రసిద్ధ సంస్కృత పండితుడు కాశీనాథ్ త్ర్యంబక్ తెలాంగ్ ముఖ్యులు.

జస్టిస్ పిన్హే తీర్పు (1885)

దావా 1885 సెప్టెంబరులో జస్టిస్ రాబర్ట్ హిల్ పిన్హే ఎదుటకు వచ్చింది. సెప్టెంబర్ 21న ఆయన రఖ్మాబాయికి అనుకూలంగా తీర్పు చెప్పాడు. ఎన్నడూ కలసి జీవించని దంపతుల విషయంలో పునరుద్ధరణ అనే మాటకే అర్థం లేదని ఆయన భావించాడు. ఉన్నది చెడిపోతే దానిని పునరుద్ధరించవచ్చు. ఇక్కడ వాది కోరుతున్నది కాపురాన్ని కొత్తగా ప్రారంభింపజేయమని. నిస్సహాయమైన బాల్యంలో వివాహమైన ఒక యువతిని, పెద్దయిన తరువాత ఆమె ఇష్టానికి వ్యతిరేకంగా అటువంటి వ్యక్తి వద్దకు పంపుట అనాగరికమని, ఆంగ్ల చట్టం సమ్మతితో పెళ్ళాడిన పెద్దవారి కోసం ఏర్పడినదని ఆయన అభిప్రాయపడ్డాడు.

అప్పీలు (1886)

దాదాజీ అప్పీలు చేశాడు. 1886లో ప్రధాన న్యాయమూర్తి సర్ చార్లెస్ సార్జెంట్, జస్టిస్ బేలీలతో కూడిన ధర్మాసనం పిన్హే తీర్పును త్రోసిపుచ్చింది. హిందూ చట్టంలో వివాహం ఒక సంస్కారమని, వధువు సమ్మతి ఇచ్చినదా లేదా అన్నదానిపై దాని చెల్లుబాటు ఆధారపడదని, కాపురం మొదలు కాకపోయినా వివాహం పూర్తయినట్లేనని ధర్మాసనం నిర్ణయించింది. కాపురం ప్రారంభించటానికి, పునరుద్ధరించటానికి మధ్య పిన్హే చూపిన భేదాన్ని అంగీకరించలేదు. ఇటువంటి దావాలను విచారించవలసినదేనని చెప్పి, కేసును తిరిగి విచారణకు పంపింది.

రెండు తీర్పుల మధ్య ఉన్న తేడా గమనింపదగినది. పిన్హే ఆ ఇద్దరి మధ్య వాస్తవంగా ఏమి ఉన్నదో చూశాడు. అప్పీలు ధర్మాసనం చట్టప్రకారం ఏమి ఉన్నదో చూసింది.

జస్టిస్ ఫారన్ తీర్పు (1887)

తిరిగి విచారణ జస్టిస్ ఫారన్ ఎదుట జరిగింది. అప్పీలు తీర్పు తరువాత ఆయనకు వేరే దారి మిగలలేదు. 1887 మార్చి 4న తీర్పు వచ్చింది. రఖ్మాబాయి ఒక నెలలోగా భర్త ఇంటికి వెళ్ళవలెను. వెళ్ళనిచో ఆరు నెలల వరకు జైలు శిక్ష అనుభవించవలసి ఉంటుంది. ఇష్టంలేని కాపురానికి వెళ్ళటంకంటె జైలుకు వెళ్ళటమే తనకు సమ్మతమని రఖ్మాబాయి తెలియజేసింది. అప్పటికి ఆమె వయస్సు 22 సంవత్సరాలు.

ప్రజాభిప్రాయం

ఈ తీర్పుతో దేశం రెండు పక్షాలుగా చీలింది. పార్సీ సంస్కర్త, పత్రికా సంపాదకుడు బెహ్రాంజీ మలబారి రఖ్మాబాయి పక్షాన నిలిచి విరివిగా వ్రాశాడు. ఆమెకు సహాయంగా ఒక రక్షణ సంఘం ఏర్పడి నిధులు సేకరించింది. పండిత రమాబాయి 1887లో ప్రచురించిన తన ఆంగ్ల గ్రంథంలో ఈ దావాను ప్రస్తావించింది.

రెండవ పక్షంలో బాలగంగాధర తిలక్ ప్రముఖుడు. ఆంగ్ల విద్య హిందూ స్త్రీలను స్వధర్మానికి దూరం చేస్తున్నదని, విదేశీ ప్రభుత్వం హిందువుల గృహజీవితంలో తలదూర్చరాదని ఆ పక్షం వాదించింది. అయితే ఆ పక్షం సమర్థించిన దావా కూడా విదేశం నుండి వచ్చినదే కావటం ఈ వివాదంలోని వైచిత్రి.

ఇంగ్లండులో ప్రసిద్ధ సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ కూడా ఈ విషయంపై వ్రాశాడు. ఇటువంటి సమస్యకు న్యాయస్థానాలు పరిష్కారం చూపలేవని, చదువు వల్లనే రఖ్మాబాయి తన మంచిచెడ్డలను తానే నిర్ణయించుకోగలిగినదని ఆయన అభిప్రాయం.

రాజీ (1888)

ప్రీవీ కౌన్సిల్ వరకు వెళ్ళవచ్చుననుకున్న ఈ వివాదం 1888 జూలైలో రాజీతో ముగిసింది. రెండువేల రూపాయలు తీసుకొని దాదాజీ తన హక్కును వదలుకున్నాడు. ఆమె జైలుకు వెళ్ళవలసిన అవసరం తప్పింది. మరుసటి సంవత్సరం దాదాజీ మరొక వివాహం చేసుకున్నాడు.

ఈ రాజీతో దావా ముగిసింది గాని వివాహం రద్దు కాలేదు. అప్పటి చట్టం ప్రకారం పురుషునికి రెండవ పెళ్ళికి అభ్యంతరం లేదు. రఖ్మాబాయికి ఆ అవకాశం లేదు. ఆమె జీవితాంతం మరొక వివాహం చేసుకోలేదు.

వైద్యవిద్య

బొంబాయిలోని కామా ఆసుపత్రిలో పనిచేస్తున్న ఆంగ్ల వైద్యురాలు డాక్టర్ ఎడిత్ పీచీ రఖ్మాబాయిని వైద్యవిద్యకు ప్రోత్సహించి, నిధుల సేకరణకు సహాయపడింది. ఇండోరు పాలకుడు శివాజీరావు హోల్కర్ 500 రూపాయలు విరాళమిచ్చాడు. ఇంగ్లండులో స్త్రీల హక్కులకై పనిచేసిన ఈవా మెక్‌లారెన్, ఆమె భర్త వాల్టర్ మెక్‌లారెన్ అండగా నిలిచారు.

1889లో రఖ్మాబాయి ఇంగ్లండుకు వెళ్ళి లండన్ స్కూల్ ఆఫ్ మెడిసిన్ ఫర్ విమెన్‌లో చేరింది. రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో కూడా శిక్షణ పొందింది. 1894లో వైద్యవిద్య పూర్తిచేసి స్వదేశానికి తిరిగివచ్చింది.

వైద్యవృత్తి

1895లో రఖ్మాబాయి సూరత్‌లోని మహిళా ఆసుపత్రి బాధ్యతలు స్వీకరించింది. పురుష వైద్యులకు చూపించుకొనుటకు స్త్రీలు ఇష్టపడని ఆ రోజులలో, వైద్యం అందక కాన్పు సమయంలోనే అనేకమంది మరణించేవారు. అటువంటి స్త్రీలకు ఈమె రెండు దశాబ్దాలకు పైగా సూరత్‌లో సేవచేసింది.

1918లో ఉమెన్స్ మెడికల్ సర్వీసులో చేరే అవకాశం వచ్చినా దానిని కాదని, రాజ్‌కోట్‌లోని మహిళా ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ రెడ్‌క్రాస్ సంఘాన్ని నెలకొల్పింది. సుమారు 35 సంవత్సరాల వృత్తిజీవితం తరువాత పదవీ విరమణ చేసి బొంబాయిలో స్థిరపడింది. పరదా పద్ధతిని నిర్మూలించవలసిన ఆవశ్యకతను వివరిస్తూ 1929లో ఒక చిన్న పుస్తకం ప్రచురించింది.

1904లో దాదాజీ మరణించినప్పుడు రఖ్మాబాయి వితంతువుల ఆచారం ప్రకారం తెల్లచీర ధరించింది. కాపురం చేయనని జైలుకు సిద్ధపడిన స్త్రీ ఇలా చేయటం చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం. ఆ వివాహం రద్దు కానిదని, రాజీ దానిని మార్చలేదని గుర్తుంచుకొంటే ఈ చర్యను కొంతవరకు అర్థం చేసుకోవచ్చు.

రఖ్మాబాయి 1955 సెప్టెంబర్ 25న, 90 సంవత్సరాల వయస్సులో మరణించింది. అదే సంవత్సరం మే 18న హిందూ వివాహ చట్టం అమలులోకి వచ్చింది. అంతకుముందే 1947లో బొంబాయి రాష్ట్రం హిందువులకు విడాకుల చట్టం చేసింది. తనకు దొరకని హక్కు తరువాతి తరాలకు దొరకటం ఆమె చూడగలిగింది.

చట్టంపై ప్రభావం

సమ్మతి వయస్సు: ఈ దావా రేపిన చర్చకు, 1890లో బెంగాలులో ఫూల్‌మణి అనే బాలిక భర్త చేతిలో మరణించిన సంఘటన తోడైంది. 1891 చట్టం బాలికల సమ్మతి వయస్సును 10 నుండి 12 సంవత్సరాలకు పెంచింది.

జైలు శిక్ష: దాంపత్య హక్కుల డిక్రీని పాటించనివారికి జైలు శిక్ష విధించే పద్ధతి భారతదేశంలో 1923లో తొలగించబడింది. అప్పటికి రఖ్మాబాయి దావా ముగిసి 35 సంవత్సరాలు.

బాల్యవివాహ నిరాకరణ: 1976లో హిందూ వివాహ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, 15 ఏళ్ళలోపు వివాహమైన బాలిక 15 నిండిన తరువాత, 18 నిండక ముందు ఆ వివాహాన్ని నిరాకరించినచో విడాకులు కోరవచ్చు. కాపురం జరిగినా, జరగకపోయినా ఈ హక్కు ఉంటుంది. రఖ్మాబాయి కోరినది దాదాపు ఇదే. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం క్రింద, మైనరుగా వివాహమైనవారు యుక్తవయస్సు వచ్చిన రెండేళ్ళలోగా ఆ వివాహాన్ని రద్దు చేయించుకోవచ్చు.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు: ఇంగ్లండు 1970లో దాంపత్య హక్కుల పునరుద్ధరణను పూర్తిగా రద్దు చేసింది. భారతదేశంలో అది హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌గా నిలిచింది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి. ఎ. చౌదరి ఈ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పాడు. చదువుకొనే వయస్సులోనే వివాహమై, వెంటనే భర్త నుండి విడిపోయిన ఒక సినీనటిపై భర్త కడప సబ్‌కోర్టులో వేసిన దావా ఆ తీర్పుకు మూలం. ఇష్టంలేని స్త్రీని కాపురానికి పంపుట ఆమె శరీరంపై ఆమెకు గల హక్కును, ఏకాంతతను హరించటమేనని ఆయన నిర్ణయించాడు. కాని 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఈ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. ఈ సెక్షన్ వివాహాలు విడిపోకుండా కాపాడుటకు ఉపయోగపడుతుందని, డిక్రీని పాటించనివారి ఆస్తిని జప్తు చేయుట తప్ప వేరే బలవంతం లేదని పేర్కొన్నది. ఈ సెక్షన్‌ను సవాలు చేస్తూ 2019లో సుప్రీంకోర్టులో మరొక పిటిషన్ దాఖలయింది.

ఆచరణలో ఈ డిక్రీ స్వరూపం మారిపోయింది. 1964లో చేర్చి, 1976లో సవరించిన నిబంధన ప్రకారం, డిక్రీ వచ్చిన సంవత్సరంలోగా దంపతులు కలసి ఉండనిచో ఇద్దరిలో ఎవరైనా విడాకులు కోరవచ్చు. ఒకప్పుడు రఖ్మాబాయిని కాపురానికి పంపుటకు వాడిన సాధనం ఈ విధంగా విడాకులకు ఒక మెట్టుగా మారింది.

విచ్ఛిన్నమైన వివాహాన్ని గుర్తించే పద్ధతి

కోలుకోలేని విధంగా వివాహం విచ్ఛిన్నం కావటం అనేది హిందూ వివాహ చట్టంలో విడాకులకు ఒక కారణంగా చేర్చబడలేదు. భార్యాభర్తలిద్దరూ అంగీకరించినచో పరస్పర సమ్మతితో విడాకులు పొందవచ్చు. ఒకరు అంగీకరించనప్పుడు క్రూరత్వం, పరిత్యాగం వంటి ఏదో ఒక తప్పును రుజువు చేయవలెను. లా కమిషన్ 1978లో తన 71వ నివేదికలో, మూడేళ్ళు వేరుగా జీవించుటను ఆధారంగా తీసుకొని దీనిని చట్టంలో చేర్చవలెనని సిఫారసు చేసింది. 2006లో నవీన్ కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వాన్ని ఇదే కోరింది. 2009లో లా కమిషన్ 217వ నివేదిక మళ్ళీ సిఫారసు చేసింది. ఇందుకై తెచ్చిన బిల్లు 2013లో రాజ్యసభలో ఆమోదం పొందినా, లోక్‌సభలో ఆమోదం పొందక మురిగిపోయింది.

2023 మే 1న శిల్పా శైలేష్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఈ విషయాన్ని స్పష్టం చేసింది. రాజ్యాంగం 142వ అధికరణం క్రింద సుప్రీంకోర్టు, ఒకరు వ్యతిరేకించినా, ఇటువంటి వివాహాన్ని రద్దు చేయవచ్చు. ఇది కక్షిదారుల హక్కు కాదు, న్యాయస్థానం విచక్షణ. కుటుంబ న్యాయస్థానాలకు, హైకోర్టులకు ఈ అధికారం లేదు. వివాహం నిజంగా కోలుకోలేని స్థితికి చేరినదా అని నిర్ణయించుటకు ధర్మాసనం సూచించిన అంశాలలో ముఖ్యమైనవి:

* వివాహం తరువాత ఎంతకాలం కలసి జీవించారు
* చివరిసారి ఎప్పుడు కలసి ఉన్నారు
* పరస్పరం చేసుకున్న ఆరోపణలు ఎటువంటివి
* ఇతర కేసులలో వచ్చిన ఉత్తర్వులు, వాటి ప్రభావం
* రాజీకి, మధ్యవర్తిత్వానికి ఎన్నిసార్లు ప్రయత్నించారు
* ఎంతకాలంగా వేరుగా ఉన్నారు (ఆరేళ్ళు, అంతకు మించిన ఎడబాటు ముఖ్యమైన అంశం)

వీటితోపాటు దంపతుల ఆర్థిక స్థితి, చదువు, సంతానం, భరణం కూడా చూడవలసి ఉంటుంది. ఏ ఒక్క అంశమూ తనంతట తాను సరిపోదు. ఇష్టంలేని భార్యను లేదా భర్తను వదిలించుకొనుటకు ఇది సులభమార్గం కారాదన్నది ఈ జాగ్రత్తలకు కారణం. భర్తపై ఆధారపడిన భార్య ఏ దిక్కూ లేక మిగిలిపోయే ప్రమాదాన్ని లా కమిషన్ కూడా దృష్టిలో ఉంచుకున్నది.

ఈ అంశాలను రఖ్మాబాయి దావాకు అన్వయించి చూడవచ్చు. కలసి జీవించినది ఒక్కరోజు కూడా లేదు. దావా వేసేనాటికే ఎడబాటు ఆరేళ్ళు దాటింది. ఆరోపణలు పత్రికలకెక్కాయి. సంతానం లేదు. ఈనాడు న్యాయస్థానం అడిగే ప్రశ్నలలో చాలావాటికి ఆమె దావాలో సమాధానం ఉన్నది. ఆనాడు ఆ ప్రశ్నలు అడుగుటకు చట్టం ఒప్పుకోలేదు. ఆ వాస్తవాలను చూసిన ఒక్క న్యాయమూర్తి తీర్పు ఆరేడు నెలలకు మించి నిలవలేదు.

ప్రచారంలో ఉన్న అపోహలు

* విక్టోరియా మహారాణి జోక్యం చేసుకొని రఖ్మాబాయి వివాహాన్ని రద్దు చేసినదని చాలాచోట్ల వ్రాస్తారు. ఇది సరికాదు. వివాదం సొమ్ము చెల్లింపుతో కూడిన రాజీతో ముగిసింది.
* రఖ్మాబాయి విడాకులు పొందిన తొలి హిందూ మహిళ అని కూడా అంటారు. ఏ న్యాయస్థానమూ ఆమెకు విడాకులు ఇవ్వలేదు.
* భారతదేశపు తొలి మహిళా వైద్యురాలు ఈమె అనుట కూడా పొరపాటు. ఆనందీబాయి జోషి, కాదంబినీ గంగూలీ 1886లోనే వైద్య పట్టాలు పొందారు. ఆనందీబాయి మరుసటి సంవత్సరమే మరణించింది. కాదంబినీ కలకత్తాలో వైద్యవృత్తి సాగించింది.

గుర్తింపు

రఖ్మాబాయి దావాపై చరిత్రకారుడు సుధీర్ చంద్ర 1998లో ఒక విపులమైన గ్రంథం ప్రచురించాడు. అనంత్ మహదేవన్ దర్శకత్వంలో ఈమె జీవితం మరాఠీ చలనచిత్రంగా వచ్చింది. అందులో తనిష్ఠా ఛటర్జీ రఖ్మాబాయి పాత్ర ధరించింది. 2017 నవంబర్ 22న ఈమె జయంతి సందర్భంగా గూగుల్ తన ముఖపత్రంపై ఈమె చిత్రాన్ని ఉంచింది.

ఇవి కూడా చూడండి

* బాల్యవివాహాలు
* హిందూ వివాహ చట్టం, 1955
* పండిత రమాబాయి
* ఆనందీబాయి జోషి
* కాదంబినీ గంగూలీ